స్టెయిన్‌లెస్ స్టీలు నట్టు బోల్టు మధ్యలోనే పట్టేయకుండా బిగించడం ఎలా?

ఇంటి మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించుకున్నవాళ్లు, రైస్ మిల్లుల్లో పనిచేసేవాళ్లు, బోరు మోటార్లు దించేవాళ్లు, మంచినీళ్ల ప్లాంట్లు నడిపేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది. "బోల్టు కొత్తది, నట్టు కొత్తది. తుప్పు లేదు, మట్టి లేదు. సగం దూరం బాగానే తిరిగింది, తర్వాత పట్టేసింది. ఇప్పుడు ముందుకూ పోదు, వెనక్కూ రాదు. ఏం చేయాలి?"

పట్టేసిన తర్వాత చేయగలిగింది తక్కువ, చాలాసార్లు కోసేయడమే మిగులుతుంది. పట్టేయకుండా చూసుకోవడం మాత్రం చాలా తేలిక. అందుకే ఇక్కడ ముందు బిగించే పద్ధతి చెప్పి, తర్వాత పట్టేసినదాన్ని తీసే పద్ధతి చెబుతున్నాను. ఇప్పటికే ఒక నట్టు పట్టేసి ఉంటే పానా పక్కన పెట్టి, నేరుగా "పట్టేసింది, ఇప్పుడేం చేయాలి" అనే భాగానికి వెళ్లండి. ఇంకొక్క తిప్పు కూడా తిప్పకండి.

ఎందుకిలా జరుగుతుంది

స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టకుండా కాపాడేది దాని పైన ఉండే క్రోమియం ఆక్సైడ్ పొర. అది కంటికి కనిపించనంత పలచన. గీత పడినా గాలి తగిలితే మళ్లీ ఏర్పడుతుంది. నట్టు బిగిస్తున్నప్పుడు మరల మధ్య గాలి ఆడదు, ఒత్తిడి మాత్రం విపరీతంగా ఉంటుంది. పొర చిరిగిపోయి లోపలి లోహం లోహాన్ని తాకుతుంది, అక్కడక్కడా అతుక్కుంటుంది. ఇంకా తిప్పితే అతుక్కున్న చోటు చినిగి, ఆ తునకలు పక్క మరలో ఇరుక్కుంటాయి. వేడి పెరుగుతుంది, ఇంకా అతుక్కుంటుంది. చివరికి నట్టు, బోల్టు ఒకే ముక్క అయిపోతాయి. దీన్నే గాలింగ్ అంటారు.

మనకు దొరికే స్టీలు బోల్టుల్లో ఎక్కువ భాగం 304 రకం. అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. ఇది మెత్తగా సాగే లోహం. పైగా వేడిని మామూలు ఇనుముతో పోలిస్తే మూడో వంతు మాత్రమే పక్కకు పంపుతుంది. రాపిడి వేడంతా మరల్లోనే నిలిచిపోతుంది. అందుకే వేగంగా తిప్పితే ఎక్కువగా పట్టేస్తుంది. 316 రకం తుప్పును ఇంకా బాగా తట్టుకుంటుంది గానీ ఈ విషయంలో అదీ ఇంతే. "ఖరీదైన బోల్టు వేశాం కదా" అనే ధీమా ఇక్కడ పనికిరాదు.

తుప్పుతో బిగుసుకుపోవడం వేరు. అది ఏళ్లు గడిచాక జరుగుతుంది, ఎర్రటి పొడి కనిపిస్తుంది, నూనె పోసి నానబెట్టి తడితే వదులుతుంది. గాలింగ్ బిగించే క్షణంలోనే జరుగుతుంది, లేదంటే మొదటిసారి విప్పేటప్పుడు. బయటికి అంతా తళతళలాడుతూనే ఉంటుంది.

కావలసినవి

- ఆంటీ సీజ్ పేస్టు, అంటే మరలు పట్టేయకుండా రాసే పేస్టు. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. వరంగల్, హన్మకొండ, కరీంనగర్‌లలో పెద్ద హార్డువేర్ దుకాణాల్లో గానీ బేరింగులు అమ్మే దుకాణాల్లో గానీ అడగండి. ఒక చిన్న డబ్బా ఇంటి పనికి ఏళ్ల తరబడి వస్తుంది.
- పాత టూత్‌బ్రష్, నూలుపోగులు రాలని గుడ్డ. మరలకు జిడ్డు ఉంటే కొంచెం థిన్నర్.
- సరైన కొలత పానాలు రెండు. బోల్టు తలను పట్టుకోవడానికి ఒకటి, నట్టు తిప్పడానికి ఒకటి. ఎం6 (అంటే 6 మిల్లీమీటర్ల మందం) బోల్టుకు 10, ఎం8కి 13 పానా. ఎం10కి 16 లేదా 17, ఎం12కి 18 లేదా 19 పడుతుంది, తయారీని బట్టి మారుతుంది.
- మామూలు వాషర్లు, స్టెయిన్‌లెస్‌వే.
- మార్కర్ పెన్ను.
- టార్క్ రెంచ్, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా, ఉంటే మంచిది. లేకపోతే సామాను తూచే కొక్కెం కాటా చాలు, ఎలాగో కింద చెబుతాను.

పేస్టుల్లో రకాలున్నాయి, ఇక్కడ కొంచెం చూసి కొనాలి. రాగి రంగు పేస్టు ఎక్కువ చోట్ల దొరుకుతుంది. స్టీలు మీద స్టీలు అయితే పరవాలేదు. సోలార్ ప్యానెళ్ల అల్యూమినియం ఫ్రేముల దగ్గర మాత్రం అది వద్దు. రాగి, అల్యూమినియం కలిసిన చోట తడి తగిలితే అల్యూమినియం తినేస్తుంది. అక్కడ లోహం కలపని తెల్ల రకం తీసుకోండి. బియ్యం, పాలు, తాగే నీళ్లు తగిలే చోట ఫుడ్ గ్రేడ్ అని డబ్బా మీద రాసి ఉన్నదే వాడాలి. బాగా వేడెక్కే సైలెన్సర్ల దగ్గర, బాయిలర్ల దగ్గర నికెల్ రకం వాడతారు. జింకు కలిసిన పేస్టు వేడి చోట స్టెయిన్‌లెస్‌కు వాడకూడదు. కరిగిన జింకు స్టీలులోకి చొచ్చుకుపోయి పగుళ్లు తెస్తుంది.

పేస్టు దొరకకపోతే? మాలిబ్డినం కలిసిన నల్ల గ్రీజు రెండో ఎంపిక. అదీ లేకపోతే బండ్లకు వాడే మామూలు గ్రీజు. ఏదీ రాయకుండా పొడిగా బిగించడం కంటే ఏదో ఒకటి రాయడం ఎంతో నయం. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె, పలచటి స్ప్రే నూనెలు రాస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. చిన్న బోల్టుకు, చేతి బిగువుకు సరిపోవచ్చు. గట్టిగా బిగించే చోట ఆ పలచన నూనె ఒత్తిడికి పక్కకు తప్పుకుంటుంది, మరలు మళ్లీ పొడిగానే రాసుకుంటాయి.

బోల్టు కొనేటప్పుడు

బోల్టు తల మీద ఏ2-70, ఏ4-80 లాంటి గుర్తు ఉందేమో చూడండి. ఏ2 అంటే 304 రకం, ఏ4 అంటే 316 రకం. వెనక ఉన్న అంకెను పదితో గుణిస్తే బలం వస్తుంది: 70 అంటే 700 మెగాపాస్కల్స్. గుర్తు ఏమీ లేకుండా "ఎస్‌ఎస్ బోల్టే సార్" అని ఇచ్చేవాటిలో 202 రకం కలిసే అవకాశం ఉంది. అది చవక, కానీ ఆరుబయట రెండు వానాకాలాలు చూసేసరికి గోధుమ మచ్చలు వస్తాయి.

అయస్కాంతం పెట్టి తేల్చేద్దామనుకోకండి. 202 కూడా అయస్కాంతానికి పెద్దగా అతుక్కోదు. అసలైన 304 బోల్టు కూడా, తయారీలో ఒత్తిడికి గురై, కొద్దిగా అతుక్కోవచ్చు. ఆ పరీక్ష వల్ల మంచి బోల్టును వదిలేసి చెడ్డది తెచ్చుకునే ప్రమాదం ఉంది.

పొడవు కూడా చూసి కొనండి. బిగించాక నట్టు అవతల రెండు మూడు మరలు కనిపిస్తే చాలు. అవసరానికి మించి పొడుగు బోల్టు తెస్తే నట్టు అంత దూరం రాసుకుంటూ ప్రయాణించాలి. నైలాక్ నట్టయితే ఇది మరీ ప్రమాదం. అందులోని నైలాన్ రింగు మొదటి నుంచి చివరిదాకా రాపిడి పెడుతూనే ఉంటుంది, ఆ వేడి మరల్లో పోగవుతుంది. నాకు తెలిసినంతలో ఎక్కువగా పట్టేసేవి ఇవే: పొడుగు బోల్టు, నైలాక్ నట్టు, పైన ఇంపాక్ట్ గన్ (నట్లు వేగంగా బిగించే మెషిన్).

దొరికితే సన్న మరల బోల్టు కాకుండా మామూలు మరలది తీసుకోండి. మరకూ మరకూ మధ్య దూరం ఎం8కి 1.25 మిల్లీమీటర్లు, ఎం10కి 1.5, ఎం12కి 1.75 ఉంటే అవి మామూలు మరలు. బోల్టు 304, నట్టు 316 పెడితే కొంత మేలని చెబుతారు. కొద్దిగా మేలే గానీ పేస్టుకు అది బదులు కాదు.

బిగించే పద్ధతి

1. బోల్టులను శుభ్రం చేయండి. టూత్‌బ్రష్‌తో మరలు రుద్ది, గుడ్డతో తుడవండి. కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీల దగ్గర, గోదావరిఖని వైపు బొగ్గు దుమ్ములో పనిచేసేవాళ్లు దీన్ని అసలు వదలకూడదు. రాతి పొడి స్టీలు కంటే గట్టిది, ఒక్క రేణువు చాలు మరను గీకడానికి. బోల్టులను గోనెసంచి మీద, సిమెంటు స్లాబు మీద పోయకండి. మూత ఉన్న డబ్బాలో పెట్టుకోండి. ఇనుప వైర్‌బ్రష్ మాత్రం వాడవద్దు. దాని ఇనుప పొడి స్టీలుకు అంటుకుని తర్వాత తుప్పు మచ్చలు తెస్తుంది.

2. పొడిగా ఉన్నప్పుడే నట్టును వేళ్లతో మొత్తం పొడవునా తిప్పి చూడండి. నైలాక్ అయితే రింగు తగిలేదాకా. ఎక్కడైనా గరుగ్గా తగిలితే, ఆ నట్టు పక్కన పడేయండి, ఇంకోటి తీసుకోండి. మర చివర నొక్కుకుపోయి ఉంటే, కోసిన చోట అంచు లేచి ఉంటే, ఆకురాయితో సాపు చేసి మళ్లీ చూడండి. చేత్తో తిరగని నట్టును పానాతో "దారికి తేవడం" అనేదే చాలా గొడవలకు మొదలు.

3. పేస్టు రాయండి. బోల్టు మీద నట్టు తిరిగే మేరంతా, మరల లోయల్లో నిండేలా, పలచగా. ఇంకో చోటు ఉంది, దాన్ని చాలామంది మరిచిపోతారు: నట్టు అడుగు భాగం, వాషర్‌ను తాకే ముఖం. బిగించే బలంలో సగం దాకా అక్కడి రాపిడికే పోతుంది. వాషర్ లేకుండా నట్టును నేరుగా స్టీలు పట్టీ మీద తిప్పితే అక్కడ కూడా పట్టేస్తుంది. ముద్దలుగా పూయనక్కర్లేదు, బయటికి ఉబికి వచ్చినదంతా దుమ్మును పోగుచేస్తుంది తప్ప ఉపయోగం లేదు.

4. నట్టును చేత్తో ఎక్కించండి. కనీసం మూడు నాలుగు చుట్లు వేళ్లతో పోవాలి. వంకరగా ఎక్కితే ఇక్కడే తెలుస్తుంది. రెండు రంధ్రాలు ఒకదానికొకటి సరిగ్గా కలవకపోతే బోల్టుతో వాటిని లాగి కలపకండి. సన్నటి కడ్డీ పెట్టి ముందు రంధ్రాలు కలిపి, అప్పుడు బోల్టు వేయండి. పక్కనుంచి బరువు పడే బోల్టు పేస్టు రాసినా పట్టేయగలదు.

5. పానాతో నిదానంగా తిప్పండి. బోల్టు తలను ఒక పానాతో కదలకుండా పట్టుకుని, నట్టును మాత్రమే తిప్పాలి. నిదానంగా అంటే, చేతి పానాతో మామూలుగా తిప్పే వేగం. ఇంపాక్ట్ గన్ వద్దు. డ్రిల్లు మెషిన్‌కు సాకెట్ పెట్టి తిప్పడమూ వద్దు. ఫిట్టర్లు ఒక రోజులో వందల నట్లు బిగించాలి, గన్ను లేకుండా కుదరదంటారు, వాళ్ల ఇబ్బంది నిజమే. అలాంటప్పుడు కనీసం మామూలు నట్టును తక్కువ స్పీడులో వాషర్ దాకా తెచ్చి, అసలు బిగువు చేతి పానాతో ఇవ్వమనండి. నైలాక్ నట్టుకు ఆ మినహాయింపు కూడా లేదు. "అన్నా, చివరి బిగువు పానాతోనే ఇవ్వు, పేస్టు నేనిస్తా" అని మీరే డబ్బా తెచ్చి చేతిలో పెడితే ఎవరూ కాదనరు.

6. మధ్యలో ఆగి నట్టును తాకి చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే వేగం ఎక్కువైందని అర్థం, చల్లారేదాకా ఆగండి. మే నెలలో మన దగ్గర 44, 45 డిగ్రీల ఎండలో మేడ మీద ఏ ఇనుమైనా కాలుతుంది, అప్పుడు ఈ పరీక్ష పనిచేయదు. ఆ రోజుల్లో పొద్దున్నే పని పెట్టుకోండి, బోల్టుల డబ్బా నీడలో ఉంచండి.

7. కావలసిన బిగువు దగ్గర ఆపండి. పేస్టు రాసిన బోల్టుకు పొడి బోల్టు అంత బలం అక్కర్లేదు. పొడిగా ఉన్నప్పుడు చెప్పిన అంకె ఉంటే, అందులోంచి నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా తీసేయాలి. రాపిడి తగ్గింది కాబట్టి అదే బలం పెడితే బోల్టు సాగిపోతుంది. ఏ2-70 బోల్టులకు పేస్టు రాసినప్పుడు ఉజ్జాయింపుగా ఇవి సరిపోతాయి:

- ఎం6: 6 న్యూటన్ మీటర్లు
- ఎం8: 14
- ఎం10: 27
- ఎం12: 47

మెషిన్‌తో గానీ, సోలార్ క్లాంపుతో గానీ తయారీదారు ఇచ్చిన అంకె ఉంటే అదే పాటించండి. అది పేస్టు రాసినదానికా, పొడిదానికా అన్నది కూడా అందులోనే చూడండి.

టార్క్ రెంచ్ లేనివాళ్లు ఇలా చేయండి. కొక్కెం కాటాను పానా చివర తగిలించి, పానాకు నిలువుగా, అంటే తొంభై డిగ్రీల కోణంలో లాగండి. న్యూటన్ మీటర్ల అంకెను 10తో గుణించి, బోల్టు మధ్య నుంచి కొక్కెం దాకా ఉన్న సెంటీమీటర్లతో భాగించండి. వచ్చేది కిలోలు. ఎం8కి 14, కొక్కెం దాకా 15 సెంటీమీటర్లు అనుకుంటే 140ని 15తో భాగిస్తే సుమారు 9 కిలోలు. నాలుగైదు నట్లకు ఇలా కొలిచి లాగితే చేతికి ఆ బిగువు అలవాటవుతుంది. పానాకు పైపు తొడిగి పొడుగు చేసుకునే అలవాటుంటే ఎం6, ఎం8 బోల్టుల దగ్గర దాన్ని పూర్తిగా మానేయండి.

8. నట్టు మీద నుంచి బోల్టు మీదుగా మార్కర్‌తో ఒక గీత గీయండి. తర్వాత ఎప్పుడు చూసినా గీత తెగి ఉంటే నట్టు కదిలిందని తెలుస్తుంది.

సరిగ్గా వచ్చిందా, చూసుకోండి

పని మొత్తం మొదలుపెట్టే ముందు ఒక్క జతను బలిపెట్టండి. మీరు తెచ్చిన బోల్టు, నట్టు, పేస్టుతో పూర్తి బిగువు దాకా బిగించి, మళ్లీ విప్పి, మరలను వెలుతురులో చూడండి. పేస్టు సమంగా, బూడిద రంగులోనో తెల్లగానో పరుచుకుని ఉండి, మర అంచులు నునుపుగా ఉంటే పద్ధతి బాగుంది. ఎక్కడైనా వెండిలా మెరిసే గీతలు, చిరిగినట్టు లేచిన అంచులు, సూదుల్లాంటి తునకలు కనిపిస్తే గాలింగ్ మొదలైంది. గుడ్డతో తుడిస్తే పోగులు అంటుకుంటాయి. అప్పుడు వేగం తగ్గించి, పేస్టు మార్చి, ఇంకో జతతో చూడండి. రెండో జతకూ అదే జరిగితే ఆ సరుకు మరలే బాగా లేవు. దుకాణంలో తిరిగి ఇచ్చేయండి.

బిగించేటప్పుడు చేతికి తెలిసే సూచన ఇంకొకటి ఉంది. బాగా పోయే నట్టు బిగువు క్రమంగా పెరుగుతుంది. వాషర్ ఇంకా తగలకముందే బరువెక్కితే, కిర్రుమని శబ్దం వస్తే, కుదుపులు కుదుపులుగా తిరిగితే, అది బిగువు కాదు. మర చినుగుతోంది. బిగుసుకుంది కదా అని అక్కడ వదిలేస్తే మరో ప్రమాదం: నట్టు బోల్టును పట్టుకుంది గానీ కింద ఉన్న క్లాంపును నొక్కడం లేదు. టార్క్ రెంచ్ టక్కుమంటుంది, అంకె సరిపోతుంది, ప్యానెల్ మాత్రం వదులుగా ఉంటుంది. వేసవి చివర ఈదురుగాలి వచ్చిన రోజు ఆ సంగతి బయటపడుతుంది. కాబట్టి బిగించాక వాషర్‌ను వేలితో కదిపి చూడండి. కదలకూడదు.

పట్టేసింది, ఇప్పుడేం చేయాలి

మొట్టమొదట ఆపండి. బలం పెంచిన కొద్దీ అతుకు పెరుగుతుంది. చాలామంది ఇక్కడే పెద్ద పానా తెస్తారు, కాపాడుకోగలిగిన బోల్టు కూడా అప్పుడే పోతుంది.

1. పది, పదిహేను నిమిషాలు చల్లారనివ్వండి. తడిగుడ్డ చుట్టినా సరే.

2. మరలోకి నూనె దిగేలా పోయండి. ఇది తుప్పు కాదు, నూనె దాన్ని కరిగించదు. ఇంకా అతుక్కోని మరల మధ్య రాపిడి తగ్గించడానికే ఈ నూనె.

3. విప్పే వైపు కొద్దిగా, బిగించే వైపు ఇంకా కొద్దిగా, మెల్లగా ఆడించండి. పానా చివర కదలిక వేలి మందం అయినా ఉంటే ఆశ ఉంది. ప్రతిసారీ విప్పే వైపు కాస్త ఎక్కువ జరపండి, మధ్యమధ్య నూనె వేయండి. తొందర వద్దు.

4. కొంచెం కూడా కదలకపోతే దాన్ని కాపాడే ప్రయత్నం మానేయండి. గ్యాస్ మంట పెట్టి కాల్చడం తుప్పు పట్టిన ఇనుప బోల్టుకు, లేదా గమ్ము వేసి బిగించినదానికి పనిచేస్తుంది. ఇక్కడ లోహాలే కలిసిపోయాయి, మంట వల్ల పక్కనున్న రబ్బరు, వైరు, రంగు పాడవడం తప్ప లాభం లేదు.

5. ఎం6, ఎం8 లాంటి చిన్న బోల్టును పానాతో బిగించే వైపే తిప్పి తెంచేయడం చాలాసార్లు త్వరగా అయ్యే పని. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. తెగినప్పుడు పానా ఒక్కసారిగా జారుతుంది, మేడ అంచున నిలబడి ఈ పని చేయకండి.

6. పెద్దదైతే నట్టు చీల్చే పనిముట్టు వాడండి. అది లేకపోతే గ్రైండర్‌కు సన్న కటింగ్ చక్రం పెట్టి, నట్టు చదును ముఖం మీద, బోల్టు పొడవు దిశలో కోయండి. మరలు తగిలేముందు ఆపి, ఆ గాటులో ఉలి పెట్టి కొడితే నట్టు విచ్చుకుంటుంది.

7. బోల్టు గుడ్డి రంధ్రంలో, అంటే అవతలికి దారి లేని చోట విరిగితే డ్రిల్లు చేయాలి. స్టెయిన్‌లెస్ రాపిడికి గట్టిపడుతుంది. అందుకే కోబాల్ట్ బిట్టు, తక్కువ స్పీడు, గట్టి ఒత్తిడి, ఆపకుండా కటింగ్ ఆయిల్ కావాలి. ఎక్కువ స్పీడులో తేలిగ్గా ఆనిస్తే బిట్టు జారి, అక్కడి పైపొర రాయిలా గట్టిపడిపోతుంది, ఆ తర్వాత ఏ బిట్టూ దిగదు. ఖరీదైన భాగమైతే లేత్ వర్క్‌షాపుకు తీసుకెళ్లడమే మంచిది.

తీసిన బోల్టును, నట్టును మళ్లీ వాడకండి. డై (మరలు కోసే పనిముట్టు) పెట్టి మరలు సాపు చేసినా లోపల చిరిగిన అంచులు ఉంటాయి, రెండోసారి ఇంకా త్వరగా పట్టేస్తాయి.

గ్రైండర్ గురించి గట్టిగా చెప్పాల్సిన మాట. ఎనుమాముల, జమ్మికుంట వైపు జిన్నింగ్ మిల్లుల్లో, పత్తి గోదాముల్లో ఉన్నచోటే గ్రైండర్ పెట్టకండి. గాలిలో తేలే దూదికి ఒక్క నిప్పురవ్వ చాలు. భాగాన్ని బయటికి తెచ్చి కోయండి, లేదా చేతి రంపంతో కోయండి, ఆలస్యమైనా సరే. రైస్ మిల్లు తవుడు దుమ్ము దగ్గరా అంతే.

ఒక్కో చోటికి ఒక్కో జాగ్రత్త

సోలార్ ప్యానెళ్లు. 2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చి, 3 కిలోవాట్లు అంతకు మించిన ఇంటి ప్లాంటుకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఇస్తుండటంతో మేడల మీద ఈ బోల్టులు బాగా పెరిగాయి. బిగించే రోజునే పక్కనుండి పేస్టు రాయించుకోండి. ఎర్తింగ్ వైరు లగ్ ఫ్రేమును తాకే ముఖానికి మాత్రం పేస్టు అంటకూడదు, అక్కడ లోహం లోహాన్ని తాకాలి. మరలకు రాస్తే చాలు. పట్టేసిన క్లాంపు బోల్టును ప్యానెల్ పక్కన గ్రైండర్‌తో కోస్తే నిప్పురవ్వలు అద్దంలో దిగబడతాయి, వైర్ల పైతొడుగు కరుగుతుంది. ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్‌లో కరెంటు ఉంటుంది, ఇన్వర్టర్ ఆపినా ప్యానెల్ వైర్లలో పోదు. కోయాల్సి వస్తే బిగించినవాళ్లనే పిలిపించండి. మందపాటి గుడ్డతో అద్దాన్ని కప్పి, నట్టు చీల్చే పనిముట్టుతో తీయించండి.

బోరు మోటార్లు. పంపును మోటారుతో కలిపే స్టడ్లు (తల లేని బోల్టులు), నట్లు స్టెయిన్‌లెస్‌వే ఉంటాయి. బిగించేది పొలంలో, ఇసుక, బురద చేతులతో. ఒక సీసా మంచినీళ్లు, గుడ్డ ఆ నట్ల కోసమే పెట్టుకోండి. కడిగి, ఆరబెట్టి, పేస్టు రాసి వేళ్లతో తిప్పి చూశాకే పానా పెట్టండి. మళ్లీ మోటారు తీసేది సాధారణంగా పంట మధ్యలో, నీళ్లు కావలసిన రోజునే. ఆ రోజు స్టడ్డు విరిగితే మోటారు వర్క్‌షాపుకు పోవాల్సిందే.

రైస్ మిల్లు జల్లెడలు. ఇవి ఊగే యంత్రాలు. పేస్టు రాస్తే నట్టు ఊడిపోతుందేమోనని ఇక్కడివాళ్ల భయం. సరైన బిగువు ఇచ్చి, రెండో నట్టు వేసి తాళం పెట్టినట్టు బిగిస్తే ఆగుతుంది. లేదా పేస్టుకు బదులు మరలకు వేసే నీలం రంగు లాకింగ్ గమ్ము వాడండి. అది తడిగా ఉన్నప్పుడు రాపిడినీ తగ్గిస్తుంది, ఎండాక నట్టును పట్టి ఉంచుతుంది. స్టెయిన్‌లెస్ మీద అది ఆరడానికి ఎక్కువ సమయం పడుతుంది, వెంటనే యంత్రం ఆన్ చేయకండి. పేస్టు, గమ్ము రెండూ కలిపి రాస్తే రెండూ పనిచేయవు.

మంచినీళ్ల ప్లాంట్లు. ఫిల్టర్ హౌసింగుల క్లాంపు బోల్టులు తరచుగా విప్పి బిగిస్తారు. ప్రతిసారీ పాత పేస్టు తుడిచి కొత్తది రాయాలి, అదీ ఫుడ్ గ్రేడ్‌దే. బరువు తక్కువ పడే ఇలాంటి చోట్ల ఇత్తడి నట్టు కూడా మంచి ఎంపిక. స్టీలు బోల్టు మీద ఇత్తడి పట్టేయదు. బలం తక్కువ కాబట్టి ప్యానెళ్ల దగ్గర, మోటార్ల దగ్గర మాత్రం వద్దు.

కొందరు స్టీలు బోల్టుకు జీఐ నట్టు, అంటే జింకు పూత ఉన్న ఇనుప నట్టు, వేస్తుంటారు. పట్టేయదు, నిజమే. వాన తగిలే చోట ఆ నట్టు మీది జింకు త్వరగా పోయి, నట్టు తుప్పు పట్టి, రెండేళ్లకు మరో రకంగా బిగుసుకుంటుంది. ఇంటి లోపల, పొడి చోట అయితే వాడుకోవచ్చు.

నైలాక్ నట్టును విప్పితే మళ్లీ అదే వేయకండి, రింగు పట్టు తగ్గిపోతుంది. మేడ మీద పని పూర్తయ్యాక అదే కొలత బోల్టులు, నట్లు నాలుగైదు జతలు, మిగిలిన పేస్టు ఒక డబ్బాలో వేసి, మీద కొలత, పెట్టిన బిగువు అంకె రాసి ఇన్వర్టర్ దగ్గర పెట్టండి. వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి మార్కర్ గీతలు చూడండి. గీత తెగిన నట్టు ఉంటే దాన్ని ఉన్నచోటే గట్టిగా బిగించేయకుండా, పూర్తిగా విప్పి, మరలు చూసి, తుడిచి, పేస్టు రాసి మొదటి నుంచి బిగించండి.